తమిళ ప్రేమకథలు, నవ్వుల సినిమాలు: డబ్బింగ్ చాలా, తమిళంలోనే చూడాలా?

వేళచ్చేరి_వెంకట్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి చెన్నై వచ్చి నాలుగు నెలలైంది. ఆఫీసు పనికి ఇబ్బంది లేదు, అంతా ఇంగ్లిష్‌లో నడిచిపోతోంది. టెన్షనంతా టీ బ్రేక్‌తోనే. ఎవరో ఒక ముక్క అంటారు, అందరూ పగలబడి నవ్వుతారు, నేను రెండు సెకన్లు ఆగి నవ్వుతాను. ఆ రెండు సెకన్లలోనే దొరికిపోతున్నాను. "అది వడివేలు డైలాగ్" అని పక్కతను జాలిపడి చెబుతాడు. చెప్పాక ఇంక నవ్వేదేముంది!

అందుకే వారానికి రెండు తమిళ సినిమాలు చూద్దామనుకున్నాను. ఒకటి ప్రేమకథ, ఒకటి కామెడీ, సబ్‌టైటిల్స్‌తో. మొదటి వారం 'మౌనరాగం' (1986), 'మైఖేల్ మదన కామరాజన్' (1990). రెండూ చిన్నప్పుడు తెలుగులో చూసినవే.

'మౌనరాగం'లో కార్తీక్ కాఫీ హోటల్లో రేవతి వాళ్ళ నాన్నని "మిస్టర్ చంద్రమౌళి" అని పిలిచే సీనే అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఈసారి మోహన్ నచ్చాడు. కొత్త పెళ్ళాన్ని షాపుకి తీసుకెళ్ళి ఏం కావాలో చెప్పమంటే, విడాకులు కావాలంటుంది. ఆ మాట విన్నాక కూడా అతను గొంతు పెంచడు. మొదట ఆమె వద్దనుకున్న కాలిపట్టీలు తర్వాతెప్పుడో ఆమె కాలికి చేరతాయి. సగం సినిమా ఆ ఢిల్లీ ఇంట్లో, పి.సి. శ్రీరామ్ పెట్టిన వెలుగులో, ఇళయరాజా వయొలిన్లలో గడిచిపోతుంది. ఒక దశలో సబ్‌టైటిల్స్ ఆపేశాను. ఏమీ పోలేదు.

రెండో సినిమాకి సబ్‌టైటిల్స్ ఆన్‌లోనే ఉన్నా సగం పోయింది. చదివేలోపు జోకు వెళ్ళిపోతోంది. ప్రేమకి భాష అక్కర్లేదు, నవ్వుకి కావాలి అనిపిస్తోంది. మీరేమంటారు?

రెండో_ఆట:
మీరు నాలుగు నెలల్లో కనిపెట్టింది నేను బెంగుళూరులో మూడేళ్ళు తమిళ రూమ్మేట్లతో ఉండి కనిపెట్టాను. సెల్యూట్.

పుత్తూరోడు:
వెంకట్ అన్నా, మా పుత్తూరు, నగరి పక్క పిల్లోళ్ళకి ఈ సమస్య లేదు. బస్సెక్కితే తిరుత్తణి. తమిళం ఎప్పుడు నేర్చుకున్నామో మాకే తెలీదు. కానీ మీ మాట నేను ఒప్పుకోను. కరగాట్టక్కారన్ (1989) అరటిపండు సీను చూడండి. గౌండమణి డబ్బులిచ్చి రెండు అరటిపళ్ళు తెమ్మంటాడు. సెంథిల్ దారిలో ఒకటి తినేసి ఒకటి తెచ్చిస్తాడు. ఇంకోటి ఏదిరా అంటే "ఆ ఇంకోటే అన్నా ఇది" అంటాడు. ఎన్నిసార్లు అడిగినా అదే సమాధానం. ఇందులో ఏ ముక్కకి నిఘంటువు కావాలి? మా అవ్వకి తమిళం రాదు. ఆమె కూడా పడీ పడీ నవ్వింది.

రెండో_ఆట:
ఇది చదువుతుంటేనే నవ్వొచ్చింది. పైగా సెంథిల్ అబద్ధం చెప్పడం లేదు కదా, అదీ విషయం. తెచ్చింది నిజంగానే 'ఇంకోటి'.

లిప్‌సింక్:
డబ్బింగ్ మాటలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

పుత్తూరు తమ్ముడు చెప్పిన సీనులో నవ్వు తర్కంలో ఉంది. అందుకే ఏ భాషలోకైనా వస్తుంది. వెంకట్ గారు చూసిన సినిమాలో నవ్వు శబ్దంలో ఉంది. పాలక్కాడు వంటవాడు కామేశ్వరన్ సంగతే చూడండి. పెళ్ళివంట సాంబారులో చేప పడుతుంది. తమిళంలో చేపంటే 'మీన్'. ఇంగ్లిష్‌లో 'ఐ మీన్', 'వాట్ డు యూ మీన్' అన్నప్పుడల్లా ఆ చేప మళ్ళీ సాంబారులోంచి పైకి తేలుతుంది. రాసింది క్రేజీ మోహన్, తీసింది మన సింగీతం శ్రీనివాసరావు గారు. తెలుగులో 'చేప' అనగానే ఆ వల తెగిపోతుంది. పళ్ళెంలో చేప మిగులుతుంది, జోకు మిగలదు.

మా పనిలో ఇంకో తంటా ఉంది. ప, బ, మ పలికితే పెదాలు మూసుకుంటాయి. తెర మీద నటుడి పెదాలు మూసుకున్న చోట మా తెలుగు మాటలోనూ అలాంటి అక్షరం పడాలి, లేకపోతే గొంతు వేరు, మనిషి వేరు అయిపోతారు. ప్రేమ సన్నివేశంలో కెమెరా కళ్ళ మీదో, కిటికీ మీదో, వాన మీదో ఉంటుంది కాబట్టి నాకు చోటు దొరుకుతుంది. కామెడీలో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారు. మాట పొడుగు, పెదాలు, జోకు, ఈ మూడూ ఒకేసారి కుదరవు. రెండు కుదిరిన రోజు ఇంటికి వెళ్ళి స్వీటు తింటాను.

వేళచ్చేరి_వెంకట్:
అక్కా, ఆ మీన్ నాకు తట్టనే లేదు! మళ్ళీ చూడాలి.

పాత_రీలు:
మీ పిల్లల మాటల మధ్యలో ముసలాడు దూరుతున్నాడు, ఏమనుకోకండి.

శ్రీధర్ తీసిన 'కాదలిక్క నేరమిల్లై' (1964) ఎవరూ ఎత్తలేదేం? ప్రేమ, హాస్యం రెండూ ఒకే గిన్నెలో కలిపిన సినిమా. మన కాంచన, రాజశ్రీ హీరోయిన్లు. అందులో నాగేష్‌కి సినిమా తీయాలని పిచ్చి. ఓహో ప్రొడక్షన్స్ అని బోర్డు కూడా పెట్టుకుంటాడు. తండ్రి బాలయ్యని కూర్చోబెట్టి దెయ్యం కథ చెబుతాడు. చెప్పేది నాగేష్. కానీ మనం చూసేది బాలయ్య ముఖం. కథ ముందుకు పోతున్నకొద్దీ ఆ పెద్దమనిషి కుర్చీలో కుంచించుకుపోతాడు. వాకిలి చప్పుళ్ళు, ఈదురుగాలి, అన్నీ నాగేష్ నోటితోనే చేస్తాడు. ఆ సీనుకి సబ్‌టైటిల్ పెట్టినవాడికి జీతం దండగ.

మరుసటి ఏడాది తెలుగులో 'ప్రేమించి చూడు'గా వచ్చింది. నాగేశ్వరరావు, జగ్గయ్య, రేలంగి, చలం. రేలంగి ముందు చలం కథ చెబుతుంటే హాల్లో జనం సీట్లలో ఊగిపోయారు. కాబట్టి నవ్వు దాటదనకండి. ముఖం మీద పుట్టిన నవ్వు దాటుతుంది.

రెండో_ఆట:
బాబాయ్ గారు ఒక్క పోస్టుతో థ్రెడ్ ముగించేశారు.

గోదారిగట్టు:
ముగించేదేముందండీ, ఇప్పుడేగా మొదలైంది. ఆ రోజుల్లో రెండు పరిశ్రమలూ మద్రాసులోనే ఉండేవి కదండీ. 'మిస్సమ్మ'ని 1955లో తెలుగు, తమిళాల్లో కలిపే తీశారు. సావిత్రి రెండింట్లోనూ ఉంది, రంగారావు గారూ ఉన్నారు. మనకి నాగేశ్వరరావు గారు వేసిన డిటెక్టివ్ వేషం అక్కడ కమెడియన్ తంగవేలుకి ఇచ్చారు. దీనర్థం ఏంటండీ? కథ అదే, ఎవరి చేత నవ్వించాలన్నది మాత్రం ఆ ఊరి జనాన్ని చూసి మార్చుకున్నారు. ఇప్పుడు డబ్బింగ్‌లో మార్చడానికి ఏముంటుంది, బొమ్మ ఆల్రెడీ అయిపోయి ఉంటుంది.

లిప్‌సింక్:
ఇది బాగా చెప్పారండీ. దీనికి మంచి ఉదాహరణ 2010లో ఉంది. గౌతమ్ మీనన్ ఒకే కథని 'విన్నైతాండి వరువాయా', 'ఏ మాయ చేసావే'గా తీశాడు, రెండూ ఒకే రోజు విడుదల. హీరో స్నేహితుడి పాత్ర తమిళంలో గణేష్, తెలుగులో కృష్ణుడు వేశారు. గణేష్ గొంతు గరుకు కాగితం రాసినట్టు ఉంటుంది. హీరో ప్రేమలో మునిగి తేలుతుంటే ఆ గొంతు చాలు, మనకి నవ్వొస్తుంది. ఆ సినిమా తర్వాత, దాని పేరులోని పొడి అక్షరాలతో, ఆయన పేరే వీటీవీ గణేష్ అయిపోయింది. కృష్ణుడు అదే చోట మెత్తగా, మనింటి మనిషిలా చేశాడు. రెండూ తప్పు కాదు. పెద్దవాళ్ళ గొంతులో వెటకారాన్ని అక్కడివాళ్ళు ఇష్టపడతారు, మనకి కాస్త జాలి కలవాలి.

సౌమ్య_డల్లాస్:
వీటీవీ మాట వచ్చింది కాబట్టి ముగింపు సంగతి. తమిళంలో హీరోకి హీరోయిన్ జెస్సీ దక్కదు, తెలుగులో దక్కుతుంది. తమిళంలో సినిమాలో సినిమాగా నాగచైతన్య, సమంత కనిపిస్తారు, తెలుగులో శింబు, త్రిష. అంటే ఒక భాష వాళ్ళ బాధ ఇంకో భాష వాళ్ళకి తెర మీద బొమ్మ. ఇది కావాలనే చేశాడో కాదో గానీ నాకు భలే నచ్చుతుంది.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. తెలుగు ముగింపు నాకు అతికించినట్టే ఉంటుంది. సినిమా అంతా 'ఈ అమ్మాయికి తన మనసే తనకి తెలీదు' అని చెప్పి చెప్పి, చివర్లో ఒక్కసారిగా తెలిసిపోయింది అంటే ఎలా?

రెండో_ఆట:
మనవాళ్ళకి టికెట్ డబ్బులిచ్చి ఏడ్చే ఓపిక లేదండీ.

సౌమ్య_డల్లాస్:
అలా అయితే 'ప్రేమిస్తే' ఎలా ఆడింది? '7జి బృందావన్ కాలని' ఎలా ఆడింది? రెండూ తమిళం నుంచి వచ్చి మనల్ని ఏడిపించినవే. 2023లో 7జిని మళ్ళీ విడుదల చేస్తే కుర్రాళ్ళు పాటలకి లేచి నిలబడ్డారు.

అసలు నా పేచీ ఆ 7జి మీదే. కాలేజీలో చూసినప్పుడు ఏడ్చాను. పోయిన నెల మళ్ళీ చూశాను. అమ్మాయి వద్దంటున్నా వెంటపడటం, బస్సులో, మెట్ల మీద, మేడ మీద అడ్డం రావడం. సెల్వరాఘవన్ ఆ కుర్రాడిని గొప్పవాడిగా చూపించలేదు, నిజమే. తండ్రి చేతిలో చీవాట్లు తినే పనికిమాలినవాడిగానే చూపించాడు, ఆ తండ్రీకొడుకుల సీన్లు ఇప్పటికీ సూదిలా గుచ్చుకుంటాయి. కానీ హాల్లో ఈలలు పడింది మాత్రం వెంటపడిన సీన్లకే.

పుత్తూరోడు:
అక్కా, అన్నిటికీ తప్పు పట్టుకుంటూ పోతే చూడటానికి ఏం మిగలదు. అది 2004.

సౌమ్య_డల్లాస్:
2004లో నేను అమ్మాయినే తమ్ముడూ.

పుత్తూరోడు:
...సరే, ఇది నేను ఆలోచించలేదు.

కటౌట్_కుమార్:
ఇక్కడ ఎవరూ మా హీరో సినిమాల గురించి మాట్లాడరేం? ప్రేమకథల్లో ఆయన్ని మించినోడు లేడు. మిగతావాళ్ళంతా వేస్ట్

నిర్వాహకుడు:
కుమార్ గారూ, సినిమా పేరు చెప్పి ఎందుకు నచ్చిందో రాయండి, తప్పకుండా చదువుతాం. కటౌట్ల పోటీకి వేరే విభాగం ఉంది. దీని కింద వచ్చిన తొమ్మిది పోస్టులు అక్కడికి మార్చాను.

సౌమ్య_డల్లాస్:
పుత్తూరు తమ్ముడికి సమాధానంగా ఒక సినిమా చెబుతాను. 'లవర్' (2024), తెలుగులో 'ట్రూ లవర్'గా వచ్చింది. మణికంఠన్, మన హైదరాబాద్ అమ్మాయి గౌరీప్రియ. ఆరేళ్ళ ప్రేమ. అబ్బాయికి అనుమానం, కోపం, తాగుడు, తర్వాత కాళ్ళావేళ్ళా పడటం. పాత సినిమా అయితే వీడిది పిచ్చిప్రేమ అని వయొలిన్ వాయించేవాళ్ళు. ఇక్కడ కెమెరా ఆ అమ్మాయి అలసట మీద ఉంటుంది. ఫోన్ మోగితే ఆమె ముఖం ఎలా మారుతుందో చూడండి. అయినా మణికంఠన్‌ని పూర్తిగా అసహ్యించుకోలేం, అదీ అతని నటన. ఇదే మనిషి అంతకుముందు ఏడాది 'గుడ్ నైట్'లో గురకపెట్టే మొగుడిగా చేశాడు. గురక! అంత చిన్న విషయం మీద రెండు గంటల ప్రేమకథ. భార్యకి నిద్ర పట్టదు, చెబితే అతను బాధపడతాడు, చెప్పకపోతే ఆమె ఆరోగ్యం పోతుంది. మా ఇంట్లో ఆ సినిమా చూస్తూ ఒకరు గురకపెట్టి నిద్రపోయారు. పేరు చెప్పను.

రెండో_ఆట:
బావగారికి నమస్కారాలు.

పాత_రీలు:
గురకకి భాష లేదు తల్లీ. చూశావా, మళ్ళీ నా మాటే గెలిచింది.

గోదారిగట్టు:
మరి యాస సంగతో అండీ? 'సతీ లీలావతి' (1995)లో కోవై సరళ కోయంబత్తూరు వైపు యాసలో కమల్‌ని దులిపేస్తుంది. బాలూ మహేంద్ర సినిమా, ఆయన కామెడీ తీశాడంటే నమ్మబుద్ధి కాదు. కొంగునాడు వాళ్ళు ప్రతి మాటకీ చివర 'ంగ' తగిలిస్తారు. కోపం వచ్చినా మర్యాదే, తిట్టినా మర్యాదే. అది వింటే నాకు అచ్చం మా అమలాపురం గుర్తొచ్చిందండీ. మేమూ అంతే కదా, "ఏవండీ, మీకు బుద్ధుందాండీ" అంటాం. అలాంటి సినిమాని గోదావరి యాసలో డబ్బింగ్ చెబితే అదిరిపోదూ? మధురై వడివేలుకి రాయలసీమ, మద్రాసు బస్తీ భాషకి పాతబస్తీ. లెక్క సరిపోయింది, ఆయ్.

లిప్‌సింక్:
వినడానికి బాగుంది, చేయడానికే కష్టం. ఒక ఊరి యాస పెట్టగానే ప్రేక్షకుడి బుర్రలో ఆ ఊరు వచ్చేస్తుంది. తెర మీద మధురై గుడి గోపురం, చెవిలో కడప. అతకదు. పైగా 'తెనాలి'లో (2000) కమల్ మాట్లాడేది శ్రీలంక తమిళం. అన్నిటికీ భయపడే ఆ మనిషి వెనక యుద్ధం ఉంది. దానికి తెలుగులో జత ఏ యాస? మనకి అలాంటి యాస లేదు, ఉండకపోవడం మన అదృష్టం.

ఇంకో తమాషా 'పంచతంత్రం' (2002). ఐదుగురు స్నేహితుల్లో జయరాం మలయాళీ నాయర్, రమేష్ అరవింద్ కన్నడం హెగ్డే, శ్రీమాన్ మన హనుమంతరెడ్డి. తమిళంలో రెడ్డి నోట తెలుగు దొర్లినప్పుడల్లా అక్కడివాళ్ళు నవ్వుతారు. అదే తెలుగు డబ్బింగ్‌లో? అందరూ తెలుగే మాట్లాడుతుంటే రెడ్డి తెలుగులో నవ్వేదేముంది! మన భాషే జోకుగా ఉన్న చోట మనకే జోకు అందదు. ఇలాంటి సీనుకి కూర్చున్న రోజు స్వీటు ఉండదు.

వేళచ్చేరి_వెంకట్:
ఆ సినిమా నిన్న రాత్రి తమిళంలో చూశాను. మొదటిసారి ఆఫీసువాళ్ళ కంటే ముందు నవ్వే హక్కు నాకు వచ్చింది. రెడ్డి నోరు తెరిస్తే చాలు!

కమల్ కారులో ఉండి ఫోన్‌లో ముందు, వెనక అంటూ తికమకపడే సీను మూడుసార్లు వెనక్కి తిప్పాను. అందులో తమిళం ఎంత అర్థమైందో తెలీదు గానీ వేగానికే నవ్వొచ్చింది. సంగీతంలా ఉంది. ఎవరూ తాళం తప్పరు.

పుత్తూరోడు:
క్రేజీ మోహన్ మెకానికల్ ఇంజనీర్ అన్నా, గిండీ కాలేజీ. నాటకాల నుంచి వచ్చినాడు. అందుకే ఆ లెక్క.

రెండో_ఆట:
వెంకట్ గారు ఆఫీసులో నెగ్గాలంటే నేసమణి తప్పనిసరి. 'ఫ్రెండ్స్' (2001)లో వడివేలు పెయింటింగ్ కాంట్రాక్టర్ నేసమణి, రమేష్ ఖన్నా చేతిలోంచి సుత్తి జారి నెత్తిన పడుతుంది. 2019 మే నెలలో ఎవరో సుత్తి బొమ్మ పెట్టి మీ దేశంలో దీన్నేమంటారు అని అడిగితే, ఒక తమిళుడు నేసమణి కథ చెప్పాడు. అంతే, నేసమణి కోలుకోవాలని దేశమంతా ప్రార్థనలు! సినిమా వచ్చిన పద్దెనిమిదేళ్ళకి. అసలు ఆ కథ మలయాళంది, అక్కడ ఆ వేషం జగతి శ్రీకుమార్‌ది. వడివేలు దాన్ని ఎత్తుకొచ్చి మధురై మట్టిలో నాటేశాడు. మనకి బ్రహ్మానందం ఎలాగో వాళ్ళకి వడివేలు అలాగ, ఇద్దరి ముఖాలూ లేకపోతే సగం మంది వాట్సాప్‌లో మాట్లాడలేరు.

పాత_రీలు:
ప్రేమకథల్లో నా ఓటు ఒక్కటే. అజిత్, దేవయాని నటించిన 'కాదల్ కోట్టై' (1996), మనకి 'ప్రేమలేఖ'. ఒకరినొకరు చూడకుండా ఉత్తరాల్లో ప్రేమించుకుంటారు. ఆమె అల్లిన స్వెట్టర్ అతని చొక్కా కింద ఉంటుంది. రైల్వేస్టేషన్లో అది కనిపించేదాకా మనకి ఊపిరాడదు. మా ఆవిడ, నేను ఆ సినిమా చూసి ఇంటికి నడిచి వచ్చాం. పెళ్ళయిన పదిహేనేళ్ళకి ఆమె నన్ను అడిగింది, "మీరు నాకెప్పుడైనా ఉత్తరం రాశారా?" అని. రాయలేదు. మర్నాడు ఆఫీసు నుంచి ఒక ఇన్లాండ్ లెటర్ పోస్టు చేశాను. ఒకే ఊరు, రెండు వీధుల దూరం. మూడు రోజులకి చేరింది.

సౌమ్య_డల్లాస్:
బాబాయ్ గారూ... అందులో ఏం రాశారు?

పాత_రీలు:
పాలవాడికి ఇవ్వాల్సిన బాకీ, కింద ఒక వాక్యం. ఆ వాక్యం చెప్పను.

వేళచ్చేరి_వెంకట్:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. మీరు చెప్పినవాటిలో ఏడు చూశాను. 'మీన్' రెండోసారికి అందింది. 'ప్రేమలేఖ' నాన్నతో ఫోన్‌లో మాట్లాడుతూ చెన్నైలో నేను తమిళంలో, ఖమ్మంలో ఆయన తెలుగులో ఒకేసారి పెట్టుకుని చూశాం. ఆయన ఏడ్చింది నాకు వినపడలేదనుకున్నారు.

అసలు వార్త ఇది. నిన్న టీ కొట్టులో నన్ను రెండు వడలు తెమ్మన్నారు. డబ్బులిచ్చారు, వెళ్ళాను, ఒకటి తెచ్చాను. టీం లీడ్ ఆ వడ వైపు, నా వైపు చూసి "ఇంకోటి ఏది?" అన్నాడు. నేనేం మాట్లాడకుండా నిలబడ్డాను. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మొత్తం గుంపు ఒకేసారి అరిచింది. ఈసారి రెండు సెకన్లు ఆలస్యంగా నవ్వింది వాళ్ళు.

రెండో_ఆట:
చంపేశారు! ఇంతకీ ఆ ఇంకో వడ ఏమైంది?

వేళచ్చేరి_వెంకట్:
ఆ ఇంకోటే అన్నా ఇది.